పెట్టే చెయ్యి కట్టదు

అందరూ మొదట వాసన గురించే అడుగుతారు. వాసనకు ముక్కు వారం రోజుల్లో అలవాటు పడుతుంది. మనుషులకు అలవాటు పడడానికి నాకు సర్వీసంతా సరిపోలేదు.

కరీంనగర్ జిల్లాలో ఒక మున్సిపాలిటీలో పారిశుధ్య జవానుగా పనిచేశాను. ఊరి పేరెందుకు, మీ ఊరనుకోండి. జవాను అంటే తుపాకీ ఉంటుందనుకుని నా పెళ్లికి అత్తగారి ఊరు సగం చూడడానికి వచ్చింది. నా చేతిలో ఉన్నది ఈల. తెల్లవారక ముందే ఊడ్చేవాళ్ల హాజరు తీసుకోవడం, ఎవరు ఏ సందుకు పోవాలో చెప్పడం, ఎత్తిన చెత్త బండెక్కిందో లేదో చూడడం, ఎక్కకపోతే తిట్లు తినడం, ఎక్కినా తిట్లు తినడం. ఇదీ ఉద్యోగం. చదువు సంగతి అడగొద్దు. అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి బళ్లు మూసేశారు. తర్వాత మళ్లీ తెరిచారట. ఆ రెండో కబురు నా దాకా రాలేదు.

కొత్తగా జవాన్లుగా చేరుతున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాయమని మా సంఘం వాళ్లు అడిగారు. ప్రమోషన్ల గురించి రాయను. రాని వాటి గురించి ఏం రాస్తాం? ఒక్క సంగతే రాస్తాను. ఇంటింటికీ పోయి చెత్త తీసుకుంటాం, నెలకింత కట్టండి అంటే ఎవరు కడతారు, ఎవరు కట్టరు, ఎందుకు కట్టరు. శిక్షణలో మీకు దీని మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తారు. అందులో ఇల్లాలు నవ్వుతూ బకెట్టు అందిస్తూ ఉంటుంది. నవ్వుతూ పైసలు అందిస్తున్న బొమ్మ మాత్రం ఉండదు. బొమ్మ గీసేవాడికి కూడా ఇల్లుంటుంది కదా.

కుండీ కాళ్లు

నేను చేరిన కొత్తలో ఇంటింటి బండ్లు లేవు. సందు మొదట్లో ఒక సిమెంటు కుండీ పెట్టేవాళ్లం. కుండీ కావాలని అర్జీలు వచ్చేవి. పెట్టిన మర్నాడు దాన్ని తీసేయమని అర్జీలు వచ్చేవి. కొన్నిసార్లు రెండింటి కిందా సంతకం ఒక్కరిదే.

మా వార్డులో ఒక వైపు వకీళ్లు, డాక్టర్లు, భూములు కౌలుకిచ్చి పట్నం చేరిన ఆసాములు ఉండే పెద్దవీధి. ఇంకోవైపు సాంచెల సందు. సాంచెలంటే మరమగ్గాలు. పెద్దవీధి కోసం పెట్టిన కుండీని పొద్దున వకీలు సాబ్ ఇంటి ముందు చూస్తే సాయంత్రానికి డాక్టరు ఇంటి ముందుండేది. మర్నాటికి ఇంకో నాలుగు ఇళ్లు దాటేది. ఆ కుండీ తిరిగినంత మా చైర్మన్ కూడా వార్డులో తిరగలేదు. చివరికి సాంచెల సందు మూల మీదికి చేరి అక్కడ ఆగిపోయింది. దాన్ని వెనక్కి దొర్లించే ధైర్యం ఆ సందులో ఎవరికీ లేదు.

మా సానిటరీ ఇన్‌స్పెక్టర్ ఖాదర్ సాబ్ పాన్ నమిలే పెద్దమనిషి. నాకు పని నేర్పింది ఆయనే. కుండీని చూసి ఉమ్మేసి అన్నాడు:

"కొమురయ్యా, కచ్రాకు కాళ్లుంటయ్. బలమున్నోని ఇంటి కాన్నుంచి లేశి, లేనోని ఇంటి ముంగట కూసుంటది. నువ్వు ఈల ఊదుకుంట దాని ఎన్క నడువు."

జోక్ అనుకుని నవ్వాను. అది ఉద్యోగ నియమావళి అని తర్వాత తెలిసింది.

చేతికి రాని పైసలు

మా అక్కను నస్పూర్‌లో ఇచ్చారు. బావ బొగ్గుబాయిలో పని. వాళ్ల కంపెనీ క్వార్టర్ల మధ్య నడుస్తుంటే నాకు కళ్లు కుట్టేవి. కాలవలు పారుతున్నాయి, చెత్త ఎవరో ఎత్తుకుపోతున్నారు.

"దీనికి నెలకు ఎంత కడ్తరు బావా?" అని అడిగాను.

"కట్టుడేంది? మేమేం కట్టం."

"ఊకెనే ఊడుస్తరా మల్ల?"

"జీతంల ఏవేవో కటింగులుంటయ్. అండ్ల ఉంటదో ఉండదో. ఎవడు సూశిండు?"

ఆ క్వార్టర్లకు రోడ్డు అవతల గుడిసెల బస్తీ ఉంది. బావ సొంత తమ్ముడు క్వార్టర్ దొరక్క అక్కడే ఉంటాడు, అదే బాయిలో దిగుతాడు. బస్తీవాళ్లు చందాలేసుకుని ఊడ్చే మనిషిని పెట్టుకున్నారు. బతుకమ్మ పండుగ దాకా సాగి ఆగిపోయింది. ఒకాయన ఇయ్యలేదని పక్కాయన ఆపాడు, పక్కాయన ఆపాడని మిగతా వరస ఆపింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే బొగ్గు, ఒకే జీతం. ఒకరికి పైసలు చేతికి రాకముందే పోతున్నాయి కనుక నొప్పి లేదు. రెండోవాడికి చేతికొచ్చిన పైసలు చేత్తో తీసి ఇవ్వాలి, అదీ పక్కవాడు ఇచ్చాడా లేదా అని చూసి. ఇల్లు శుభ్రంగా ఉండాలన్న కోరిక ఇద్దరికీ సమానమే. కోరికతో చెత్త లేవదు.

మా ఊళ్లో కటింగుల్లేవు. మేము చెయ్యి చాచాల్సిందే.

లసుమవ్వ గంట

ఎనభైల నడుమ మాకు కొత్త కమిషనర్ వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మంచివాడు. వెక్కిరింపుకు అనడం లేదు. చెడ్డవాళ్లు చేసే నష్టం ముందే తెలుస్తుంది, జాగ్రత్త పడతాం. మంచివాళ్లు చేసేది చప్పట్ల మధ్య జరుగుతుంది.

ఆయన మా వార్డును ఎంచుకున్నాడు. ఒక తోపుడు బండి, దానికి ఒక ఇత్తడి గంట, ఒక మనిషి. రోజూ పొద్దున పెద్దవీధి నుంచి సాంచెల సందు దాకా ఇంటింటికీ పోయి చెత్త తీసుకోవాలి. ఇంటికి నెలకు రెండు రూపాయలు. ఇద్దరు కూర్చుని చాయ్ తాగితే అయ్యే ఖర్చు. ఆ వసూలులోంచే ఆ మనిషికి కూలి. ఏడాది పాటు వార్డు సరిగ్గా కడితే ఆ మనిషిని మున్సిపాలిటీ పర్మినెంటు చేస్తుంది, కట్టకపోతే పథకం మూస్తుంది. కౌన్సిల్లో తీర్మానం కూడా అయింది.

ఆ మనిషి లసుమవ్వ. ఆ వీధుల్లో వాళ్లమ్మ ఊడ్చింది, తర్వాత తను ఊడుస్తోంది, ఎప్పుడూ రోజుకూలికే. పని చేసిన రోజు కూలి, చేయని రోజు పస్తు. కమిషనర్ మా అందరి ముందు ఆమెతో, "ఏడాది తిరిగేసరికి నువ్వు పర్మినెంటమ్మా. జ్వరమొచ్చి పడుకున్నా జీతం ఆగదు" అన్నాడు.

బయటికి వచ్చాక లసుమవ్వ నన్ను ఆపింది. "జరమొచ్చి పండుకుంటె గూడ జీతమిస్తరటనా కొమురన్నా?"

"ఇస్తరట."

"గట్లైతె ముందుగాల్ల జరం తెచ్చుకోవాలె. ఇన్నేండ్లు దాన్ని గడప తొక్కనియ్యలే."

నవ్వుతూనే అంది కానీ ఆ రోజు నుంచి ఆమె నడక మారింది. చీర కొంగు బిగించి బండి తోస్తుంటే పెళ్లికి పోతున్నట్టుండేది. గంట మోగితే తలుపులు తెరుచుకునేవి, బకెట్లు బయటికి వచ్చేవి.

"గుళ్లె అయ్యగారి గంటకన్న నీ గంటకే ఎక్కువ మంది లేస్తుండ్రు లసుమవ్వా" అన్నాను.

"అయ్యగారు ప్రసాదమిస్తడు, తినాల్సొస్తది. నేను తీస్కపోత. గందుకే" అంది.

నెల తిరిగింది. రుసుము ఎవరు వసూలు చేయాలన్నది ప్రశ్న. కమిషనర్ అన్నాడు: "పని చేసే మనిషే అడగాలి. ఆమె ముఖం చూస్తే ఎవరైనా కాదనగలరా?"

కరెక్టే. కానీ మా ఊళ్లో ఆ ముఖం చూసే అలవాటే లేదు.

పెద్దవీధిలో ప్రతి గేటు పక్కనా ఒక రాయి ఉండేది. రాత్రి మిగిలిన అన్నం, కూర ఆకులో పెట్టి ఆ రాయి మీద ఉంచేవారు. ఊడ్చే మనిషి తీసుకుంటుంది. చేతి నుంచి చేతికి ఏదీ మారదు. లసుమవ్వ తల్లి కాలం నుంచీ ఇదే పద్ధతి. పండుగకు చీర కూడా ఆ రాయి మీదికే వచ్చేది. ఇప్పుడు లసుమవ్వ అదే గేటు దగ్గర నిలబడి చెయ్యి చాపి రసీదు ఇస్తోంది. ఆ కాగితం ఆమె చేతి నుంచి తీసుకునేదెవరు? "ఆడ పెట్టు" అనేవారు. ఆమె రాయి మీద పెట్టి చిన్న గులకరాయి బరువు పెట్టేది. గాలికో, మేకకో రసీదు పోయేది. పై నెల అడిగితే, "పోయిన నెల రసీదే రాలే, గీ నెల ఎట్ల కడ్తం?" అనేవారు. ఇంకొందరు సూటిగానే అన్నారు: "దినాం అన్నం పెడ్తున్నం గదనే. అది కట్టుడు కాదా?"

అప్పుడు నేను ఖాకీ బట్టలు వేసుకుని వెళ్లాను. నాకు కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు. వకీలు సాబ్ వరండాలో పేపరు మడిచి అడిగాడు:

"కొమురయ్యా, ఇంటి పన్ను అని ఒకటుంటది తెల్సా? అండ్ల ఊడ్సుడు లేదా? ఒక్క పనికి రెండు మాట్ల కట్టాల్నా?"

ఈ ప్రశ్న తప్పు కాదు. మీరూ దీన్ని రోజూ వింటారు, ఎవరూ మీకు సరైన జవాబు చెప్పి పంపరు. నేనూ తడబడ్డాను. వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చింది, తన ఇంటి పన్ను మీద ఆయనే కోర్టులో కేసు వేసి ఉన్నాడు. తెలివైన వాళ్లతో చిక్కిదే. వాళ్ల చాయ్ తాగినంతసేపు మనకు జవాబు గుర్తు రాదు.

పిలవని పెళ్లి

సాంచెల సందు మాత్రం కట్టింది. పేదవాళ్లకు పెద్ద మనసని కథలు చెప్పను. వాళ్లు కట్టడానికి రెండు కారణాలున్నాయి. చెత్త కాలవలో అడ్డం పడితే మురుగు వెనక్కి తన్ని సాంచెల కిందికి వచ్చేది, నూలు పాడయ్యేది, ఆ నష్టం కూలీలోనే కోసేవారు. కనుక రెండు రూపాయలు లాభమే. రెండోది, ఆ సందులో ఆడవాళ్లందరూ అరుగుల మీద కూర్చుని బీడీలు చేస్తారు. ఎవరింట్లో కూర మాడిందో, ఎవరు రెండు రూపాయలు కట్టలేదో వాళ్లకు తెలియకుండా పోదు. కట్టనివాడు ఆ అరుగుల ముందు నుంచి నడిచి పనికి పోవాలి. మా నోటీసు ఎవరూ చదవలేదు, ఆ అరుగుల భయం మాత్రం అందరికీ ఉంది. పెద్దవీధిలో ప్రహరీ గోడలున్నాయి. గోడున్న చోట సిగ్గు లోపలికి పోదు.

సందులో వసూలుకు సాయపడింది సత్తయ్య అనే సాంచె కార్మికుడు. వారం కూలి వచ్చిన రోజు తనే నాలుగిళ్లు తిరిగి, "లసుమక్క నౌకరి గురించి కడుతున్నం, జల్ది తియ్యుండ్రి" అనేవాడు.

అదే సమయంలో వకీలు సాబ్ ఇంట్లో పెళ్లి జరిగింది. మూడు రోజుల విందు. లసుమవ్వ విస్తరాకులు మోసీ మోసీ బండి ఇరుసు వంగింది. ఊరవతలి దిబ్బకు చెత్త తోలే ట్రాక్టరుకు ఆ వారం డీజిల్ మంజూరు కాలేదు. "అందాక మొరం గుంతలో పోయండి" అని ఆఫీసు నుంచి చెప్పారు. మొరం గుంత సరిగ్గా సాంచెల సందు వెనకాల ఉంది. 'అందాక' అనే మాట మా శాఖలో చాలా పొడుగు.

ఒక పొద్దున చాయ్ హోటల్ దగ్గర సత్తయ్య నా ముందు ఒక సంచి పెట్టాడు. పెళ్లికి పంచే సంచి, మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు, వకీలు సాబ్ పేరు అచ్చు వేసి ఉన్నాయి. పులిసిన పప్పు కారుతోంది.

"నీకు సదువొస్తది గదా కొమురన్నా? సదువు."

చదివాను.

"గీ పెండ్లికి మమ్ముల పిలువలే. ఆకులు మాత్రం మా ఇండ్ల ఎన్కకు అచ్చినయ్."

నా నోరు ఊరుకోదు. "పిలువకున్నా విందు ఇంటికే అచ్చింది, ఇంకేం గావాలె?" అన్నాను.

ఊళ్లో నా మాటకు నవ్వని మనిషి లేడు. సత్తయ్య నవ్వలేదు. "మేం కట్టినం. ఆయన కట్టలే. మా పైసలతోటి ఆయన ఎంగిలాకులు తెచ్చి మా నెత్తిన పోస్తుండ్రు. గిది నీకు నవ్వులాట" అని సంచి నా బల్ల మీదే వదిలి పోయాడు.

సత్తయ్యతో పాటు సందంతా కట్టడం మానేసింది. కమిషనర్‌కు చెప్పాను. పాపం, అదే రోజు డీజిల్ తెప్పించి గుంత ఎత్తించాడు, మొరం పోయించాడు. సాంచెల సందు తిరిగి కడుతుందనుకున్నాడు. కట్టలేదు. ఎప్పుడూ కట్టని వాణ్ని బతిమాలి కట్టించవచ్చు. కట్టి మోసపోయినవాడు మళ్లీ రాడు. తన ఇంటి నుంచి పోయింది ఎక్కడికి పోయిందో మనిషికి తెలియాలి, అది నిజంగా పోవాలి. ఇది నేను నేర్చుకున్న పాఠాల్లో ముఖ్యమైనది. నేర్చుకునేసరికి లసుమవ్వ కూలిలో సగం పోయింది.

చీర

దసరా దగ్గర పడింది. లసుమవ్వ బండి ఆపి నా పక్కన కూర్చుంది.

"సందు పాయె. ఇగ పెద్దవీధోల్లు కడితెనే నాకు నౌకరి. గంతేనా?"

"గంతే."

"వకీలు దొర కడితె అందరు కడ్తరా?"

"కడ్తరు. ఆ వీధి మొత్తం ఆయన గేటు దిక్కే సూస్తది."

లేచి బండి తోసుకుంటూ పోయింది.

బతుకమ్మల ముందు రోజు వకీలు సాబ్ ఇంటి దొరసాని గేటు దగ్గరికి వచ్చి రాయి మీద కొత్త చీర పెట్టింది. ఎర్రంచు పచ్చ చీర. ఏటా పెడుతుంది, మంచిదే పెడుతుంది, ఆ విషయంలో ఆమెను తప్పు పట్టలేం. ఆ చీర ఖరీదు ఏడాది రుసుము కంటే ఎక్కువే ఉంటుంది. నేను బండి పక్కనే ఉన్నాను.

లసుమవ్వ చీర ముట్టలేదు. "దొరసానీ, గీ ఏడాది చీర వద్దు. జర రసీదు తీసుకోండ్రి."

"ఏందే?"

"చీర పైసలల్ల నుంచే నెలకు రెండు రూపాలు కట్టుండ్రి. మీరు కడితె వీధి కడ్తది. నన్ను పర్మినెంటు జేస్తరట."

దొరసాని ముఖం చూసి నేను బండి గంట పట్టుకున్నాను, అది అనవసరంగా మోగకుండా. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. "నేను నీకు తక్వ జేసిన్నా లసుమీ? మీ అవ్వకు పెట్టినం, నీకు పెడ్తున్నం. పండుగ పూట చీర ఎనుకకిస్తవా?"

లోపల నుంచి వకీలు సాబ్ వచ్చాడు. "ఎవ్వడు నేర్పిండే నీకు గీ మాటలు?" అంటూ నా వైపు చూశాడు.

"ఎవ్వలు నేర్పలే దొరా. చీర ఏడాదికి చినుగుతది. నౌకరి చినగది గదా అని."

"ఆహా. మేం కడితె నీకు నౌకరా? అంటే నీ నౌకరికి మేం జిమ్మేదార్లమా?"

"కచ్రా మీదే గదా దొరా."

వీధిలో ఒక కిటికీ మూసుకున్న చప్పుడు వినబడింది.

చీర లోపలికి పోయింది. మర్నాడు ఆ రాయి మీద అన్నం లేదు. డాక్టరు గేటు రాయి మీదా లేదు. వారం తిరిగేసరికి వీధిలో ఏ రాయి మీదా ఏమీ లేదు. వకీలు సాబ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన గేటు దిక్కు చూసే వీధి కదా, చూసింది.

ఇక్కడ కాస్త ఆగండి. కమిషనర్ చివరి దాకా అనుకున్నాడు, జనం పిసినారులని. కాదు. పెద్దవీధిలో పైసలకు కరువు లేదు. రెండు రూపాయలు కట్టనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు చీరలు పెట్టారు, అన్నం పెట్టారు, పెళ్లికి మందులకు ఇచ్చారు. పెట్టడంలో చెయ్యి పైన ఉంటుంది. ఇష్టమైతే పెడతాం, కోపమొస్తే మానుతాం, పెట్టినందుకు దండం వస్తుంది. కట్టడంలో అవన్నీ పోతాయి. నెల తిరగ్గానే ఆమె హక్కుగా వచ్చి నిలబడుతుంది, మనం ఇస్తాం, ఆమె రసీదు ఇస్తుంది, దండం పెట్టదు. ఆ రెండు రూపాయలతో పోయేది పైసలు కాదు. అందుకే అంత ఖరీదైంది.

శాలువా

ఏడాది చివర వసూలు చూసి కౌన్సిల్ పథకాన్ని మూసేసింది. 'ప్రజల సహకారం లేదు' అని రాశారు. ఏ ప్రజలో రాయలేదు. కమిషనర్‌కు బదిలీ అయింది.

వీడ్కోలు సభ పెద్దవీధిలోనే పెట్టారు. షామియానా, మైకు, పూలదండలు, ఫోటోగ్రాఫరు. చందా అడగ్గానే అందరూ ఇచ్చారు. పేర్లు మైకులో చదివారు కదా. కమిషనర్‌తో పాటు లసుమవ్వకూ సన్మానం అన్నారు. వకీలు సాబ్ ప్రసంగించాడు. "లసుమవ్వ మా వీధికి తల్లి లాంటిది" అన్నాడు. శాలువా కప్పేటప్పుడు మాత్రం దాన్ని కాస్త పైనుంచి వదిలాడు. భుజం మీద సరిగ్గా పడింది. అలవాటైన చెయ్యి.

తర్వాత మైకు లసుమవ్వ ముందుకు జరిపారు. ఆమె వకీలు సాబ్‌ను చూడలేదు, కమిషనర్‌ను చూసింది.

"సారూ, రేపటి సంది నేను రావాల్నా, వద్దా?"

మైకు గరగరలో వెనక వరసలకు సరిగ్గా వినబడలేదు. కృతజ్ఞతలు చెప్పిందనుకుని చప్పట్లు కొట్టారు. కమిషనర్ తల వంచుకుని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మంచివాడని చెప్పాను కదా.

సభ అయ్యాక లసుమవ్వ బండి గంట విప్పి నా చేతిలో పెట్టింది. "గిది మున్సిపాలిటిది. సూసి తీస్కో, పగల్లే." శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి పోయింది.

మర్నాడు

పొద్దున పెద్దవీధి చూడాలి. నలిగిన దండలు, చాయ్ కప్పులు, మిక్చర్ పొట్లాలు, గాలికి కొట్టుకుపోయి వకీలు సాబ్ గేటు ముందే కుప్ప పడ్డాయి. దారిన పోతున్న నన్ను ఆయన పిలిచాడు. "లసుమిని రమ్మను. అయిందేదో అయింది. మేం మనసుల పెట్టుకోలే. దొరసాని అన్నం గూడ పెడ్తనంటుంది."

లసుమవ్వ ఇంటికి పోయాను. మూట కట్టుకుంటోంది. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో ఊడ్చే పని దొరికిందట.

"ఆడ ఏం వేరే?" అన్నాను.

"ఆడ ఊడ్సింది గూడ అమ్ముకుంటరు. గందుకే కూలిస్తరు." మూట ముడి వేస్తూ అడిగింది: "వకీలు దొర పిలువుమన్నడా?"

"అన్నడు."

"కడ్తమన్నరా, పెడ్తమన్నరా?"

నేను నేల చూశాను. "పెడ్తమన్నరు."

"అయితె నువ్వే పో కొమురన్నా. పొద్దుగాల్ల నుంచి ఏం తిన్నట్టు లేవు."



కుప్ప నా వార్డులో ఉంది. పన్నెండు లోపు లేవకపోతే నాకు మెమో. బండి నేనే తోసుకుని పోయాను, గంట మళ్లీ కట్టి. వకీలు సాబ్ గేటు ముందు వంగి చెత్త ఎత్తుతుంటే లోపల నుంచి దొరసాని వచ్చింది. ఎవరు ఎత్తుతున్నారో చూడలేదు. రాయి మీద ఆకులో అన్నం పెట్టి, చేతులు దులుపుకుని, అప్పుడు తలెత్తింది.

"అయ్యో, నువ్వా కొమురయ్యా? లసుమి అనుకున్న. పోనీ, నువ్వే తిను."

ఈ వీధిలో కుర్చీ వేయించుకుని చాయ్ తాగినవాణ్ని. వంగి రెండు చేతులూ చెత్తలో పెట్టగానే నేనూ ఆ రాయి దగ్గరికి వచ్చేశాను. అంత దగ్గరుందని అప్పటిదాకా తెలియదు.

"నాకొద్దమ్మా. నాకు జీతమొస్తది" అన్నాను.

ఆమె నిజంగానే ఆలోచించి అడిగింది, వెటకారం లేదు.

"ఊడ్సెటోల్లకు సర్కారు జీతమిస్తున్నదా? మరి మల్ల మేమెందుకు కట్టాలె?"

అన్నం ఆకు అక్కడే వదిలి బండి ముందుకు తోశాను. గంట కొట్టాను. వీధిలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.